బియ్యం పోయని గిన్నె

కల్పలత నోరు తెరిచి ఏదో అనబోతుండగా కిందటి వారం మనం ఆగిపోయాం. ఆ మాట వారం నుంచీ ఆమె నాలుక చివరే ఉంది. ఇంకా ఆపితే పాపం మనకే తగులుతుంది. ముందు దాన్ని అననిద్దాం.

“ఈ అక్షరాలు నావి యుగంధర్. బ్లాగు నెత్తి మీద నా పేరే ఉండాలె.”

అనేసింది. వెనక్కి తగ్గలేదు, కొంగు తీసి నడుముకు దోపుకుంది.

సంగతి మరిచిపోయిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇది రాంగోపాల్‌పేటలో సదాశివ గారి స్టీలు సామాన్ల దుకాణం. ఆదివారం మధ్యాహ్నం కాబట్టి షట్టర్ కిందికి దించి ఉంది. లోపల బిందెల వరసకూ టిఫిన్ బాక్సుల వరసకూ మధ్య నేల మీద ఒక తెల్ల చార్టు పరిచారు. దాని మీద పెన్సిలు గీతలతో పెద్దవీ చిన్నవీ డబ్బాలు. కల్పలత తొమ్మిదేళ్లుగా రాస్తున్న ‘గిన్నె మీది పేరు’ అనే బ్లాగుకు రాబోయే కొత్త రూపం అదీ. గీసింది అల్వాల్ నుంచి వచ్చిన తమన్నా. వెబ్ డిజైన్ ఆ పిల్ల వృత్తి, కల్పలత బ్లాగు చదవడం ఆ పిల్లకు పిచ్చి.

పొద్దుటి నుంచి పని బాగానే సాగింది. పాత బ్లాగులో పేజీ పైన అటూ ఇటూ పాకే బంతిపూల తోరణం ఒకటి ఉండేది. “ఆంటీ, ఈ పూలతోని ఫోన్‌ల పేజీ ఓపెన్ కావడానికే తక్లీఫ్ అయితుంది” అని తమన్నా బతిమాలితే, కల్పలత గంటసేపు వాదించి చివరికి పూలు వదులుకుంది. రాసిన కథలన్నీ గిన్నెలు, డబ్బాలు, చెంబులు అని విడివిడిగా సర్దుదామనుకున్నారు. కాప్రాలో ఉండే లతీఫున్నీసా గారి పప్పు గిన్నె కథ అన్నిటికంటే ముందు పెట్టాలనుకున్నారు. పక్కింటికి కూరతో వెళ్లిన గిన్నె నాలుగిళ్లు తిరిగి, మీద ఉన్న పేరు పుణ్యమా అని ఏళ్ల తర్వాత మళ్లీ ఆవిడ వంటింటికి చేరిన కథ అది. చదివి ఏడవని వాళ్లు లేరు. బ్లాగు పేరును కూడా కంప్యూటర్ అక్షరాల్లో కాకుండా, గిన్నెల మీద ఉండే చేతిరాతలోనే పెడదామని తమన్నా అంది. అదిగో, అక్కడ మరిది యుగంధర్ అడ్డం పడ్డాడు. ఆ రాత నాయినది కాబట్టి పైన నాయిన ఫోటో ఉండాలి, నాయిన పేరుండాలి, అసలు బ్లాగునే దుకాణం పేరు మీదికి మార్చాలి అని.

ఆ నాయినే సదాశివ. ఎనభై ఏళ్ల మనిషి, కుర్చీలో కూర్చుని అన్నీ వింటున్నాడు.

ఆయన చేతికున్న పేరు అలాంటిలాంటిది కాదు. కొందరు డాక్టర్లకు హస్తవాసి ఉంటుంది చూడండి, అలా ఈయనకు గిన్నెల మీద పేర్లు కొట్టడంలో హస్తవాసి. సదాశివ చేత్తో పేరు పడితే ఆ కాపురం పచ్చగా ఉంటుందని పేటంతా నమ్మకం. గిన్నె ఎక్కడ కొన్నా పేరు మాత్రం ఇక్కడే కొట్టించాలి. ఎదురు సందులో ఉండే శారదమ్మ అయితే మొన్న తన కూతురు శ్రీలేఖ పెళ్లి గిన్నెల మీద పేర్లు కొట్టించుకుని, పోతూ పోతూ ఈయన రెండు చేతులూ కళ్లకద్దుకుంది. ఆయన గిన్నె తీసుకుని పర్దా వెనక్కి వెళతాడు, మిషన్ బర్రుమంటుంది, గిన్నె పేరుతో బయటికి వస్తుంది. సగం పడిన పేరును పరాయి కళ్లు చూస్తే దిష్టి తగులుతుందట. అందుకే పర్దా. నలభై ఏళ్ల కిందట దుకాణం పెట్టిన నాటి నుంచీ ఉన్న ఆనవాయితీ.

పన్నెండేళ్ల కిందట ఆయన చేతులు వణకడం మొదలైంది. ఆనాటి నుంచి పర్దా వెనక కూర్చుని పేర్లు కొడుతున్నది పెద్దకోడలు కల్పలత. శారదమ్మ కళ్లకద్దుకోవాల్సిన చేతులు పర్దా వెనకే ఉండిపోయాయన్నమాట! ఈ సంగతి గడప దాటలేదు. తమన్నాకు కూడా ఇవాళే తెలిసింది.

“గిదేందొదినా, గిట్లంటవ్?” అన్నాడు యుగంధర్. చెడ్డవాడు కాదు, దుకాణం అంటే ప్రాణం. “చేయి నీదైతే ఏమాయె? రాత నాయినదే కద. నాయిన రాత చూసే కద నువ్వు నేర్చుకున్నవ్. రేపు నువ్వు నీ ఫోటో పెట్టి, నేనే కొడుతున్న అని రాస్తే, ఇన్నేండ్ల సంది మోసం చేసిర్రు అనరా మంది? శారదమ్మ ఊకుంటదా? దుకాణం మూసుకోవాల్నా మనం?”

“దుకాణం మూయమని నేనెందుకంట? దుకాణంల మామయ్య పేరే ఉండనీ. నేనేమన్న అడ్డమొచ్చిన్నా?” అంది కల్పలత. అది కోపమో దుఃఖమో ఆమెకే తెలియలేదు. “బ్లాగు నాది. ఒక్కొక్క పేరు ఎవరిదో కనుక్కొని, వాళ్లింటికి పోయి, అడిగి రాసిన. దాంట్ల సుత పర్దా వెనకనే కూసోమంటే కూసోను.”

తమన్నా తల వంచుకుని పెన్సిలు చెక్కడం మొదలుపెట్టింది. ఆ పెన్సిలు అప్పటికే సూదిలా ఉంది, పాపం.

సదాశివ కుర్చీ చేతులు పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. అత్తగారు విమలమ్మ పీట వేసుకుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. ఆవిడ ఎప్పుడూ అంతే, దుకాణం మాటల్లో నోరు పెట్టదు. పర్దా పక్కన ఒక పీట, ఒడిలో ఏదో కూర, అంతే ఆమె వాటా. కల్పలత పెనిమిటి వేణుమాధవ్ ఉంటే ఆమె తరఫున ఒక మాట అనేవాడేమో. కానీ ఆయన రైల్వే గార్డు, ఈపాటికి బండి కాజీపేట దాటించి ఉంటాడు. అవసరానికి ఉండడం ఆయన జాతకంలో లేదు.

“సరే, ఫోటో చూసినంక మాట్లాడుదాం,” అని యుగంధర్ గోడ మీది ఫోటో దించాడు.

పేటలో అందరూ ఎరిగిన ఫోటో అది. నడివయసు సదాశివ, తెల్ల చొక్కా, ఒక చేతిలో కెమెరా వైపు వంచిన గిన్నె, ఇంకో చేతిలో పేర్లు కొట్టే మిషన్ పెన్ను. తమన్నా దాన్ని ఫోనుతో తీసి లాప్‌టాప్‌లోకి ఎక్కించి, చార్టు మీది పై డబ్బా అంత వెడల్పుకు సాగదీసింది.

“వావ్! పాత ఫోటో అయినా ఎంత క్లియర్ ఉంది అంకుల్! గిన్నె చూడండి, లోపల అడుగున ఫ్యాన్ రెక్కలు సుత కనిపిస్తున్నయి.”

కల్పలత చూసింది. నిజమే, గిన్నె అడుగున ఫ్యాన్ మూడు రెక్కలూ అద్దంలో కనిపించినట్టు కనిపిస్తున్నాయి. అది చూసి ఊరుకోబోయి ఆగిపోయింది.

గిన్నెలో బియ్యమేవీ?

ఖాళీ గిన్నె మీద పేరు కొట్టకూడదు. ముందు గుప్పెళ్లతో బియ్యం పోయాలి, ఆ తర్వాతే పెన్ను ఆనించాలి. వట్టి గిన్నె ఇంటికి శుభం కాదని ఒక మాట. అసలు సంగతి ఏమిటంటే బియ్యం లేని గిన్నె మోగుతుంది, మోగితే పెన్ను జారుతుంది, జారితే అక్షరం గోవిందా. పర్దా వెనక బియ్యం డబ్బా ఉండేది అందుకే. ఈ పన్నెండేళ్లలో కల్పలత ఒక్కసారి కూడా ఖాళీ గిన్నెకు పెన్ను ఆనించలేదు. ఆనించమన్నా ఆమె చేయి పోదు.

ఫోటో కోసమని ఊరికే పట్టుకున్నాడేమో అని సర్దిచెప్పుకుంది. కానీ మనసు ఊరుకుంటేనా? బియ్యం పోయమని తనకు చెప్పిందెవరు? మామయ్య కాదు. ఆయన నోట బియ్యం మాటే ఎన్నడూ రాలేదు. తొలినాళ్లలో వెనక కూర్చుని, తన మణికట్టు పట్టుకుని ‘క’ తలకట్టు తిప్పించింది అత్తమ్మ. నీకెట్ల వచ్చు అత్తమ్మా అని అడిగితే, “మీ మామ కొడుతుంటే చూసిన గద,” అంది. చూసి నేర్చుకున్న మనిషి చేతిలో అంత పట్టు ఉంటుందా? తానెందుకు ఆలోచించలేదు? పర్దా దిష్టి కోసం కాదన్నమాట! వణికే చేతులు పేర్లు కొడుతున్నాయంటే ఇంట్లోవాళ్లే నమ్మరని ఆ పని తనకిచ్చారన్నమాట!

కల్పలతకు ఒళ్లంతా ఝల్లుమంది. ముందు సంబరం కలిగింది, అబద్ధమెందుకు? ఒక్క మాట అంటే చాలు, యుగంధర్ నోరు మూతబడుతుంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. అప్పుడు అత్తగారి వైపు చూసింది. విమలమ్మ చిక్కుడు ఈనె తీసి పక్కన పెట్టి ఇంకో కాయ అందుకుంది. తాను పొద్దుటి నుంచి నా పేరు, నా పేరు అని పోట్లాడుతోంది. తనకంటే ముందు ఇంకో పేరు ఉంది. అది పోట్లాడలేదు సరికదా, అసలు అడగనే లేదు. కల్పలతకు తన మీద తనకే సిగ్గేసింది.

“తమన్నా, ఆ పై డబ్బ జెర సేపు ఖాళీగ ఉంచు బిడ్డా,” అంది మెల్లగా.

వదిన దిగివచ్చిందనుకున్నాడు యుగంధర్. వాడికి హుషారు పుట్టింది. “ఫోటో ఎందుకు, వీడియోనే పెడదాం! పేజీ తెరవంగనే నాయిన పేరు కొడుతుండాలె. ఎనభై ఏండ్ల చేయి, ఎంత సెంటిమెంట్ ఉంటది! నాయినా, ఒక్క అక్షరం షురూ చెయ్యి చాలు, ఆడికెల్లి నేను కెమెరా పర్దా మీదికి తిప్పుత.”

“వద్దురా,” అన్నాడు సదాశివ. “చేతులు ఆగుతలేవు.”

“ఆగకపోతే ఏమాయె? ‘క’ కొట్టు. ఎట్లాగూ వదిన పేరే కద అడుగుతున్నది!” అని తన హాస్యానికి తానే నవ్వుకుంటూ, మూతల దొంతరకు ఫోను ఆనించి ఏవో రెండు మూడు చోట్ల నొక్కాడు. అరలోంచి కొత్త గిన్నె తీసి తండ్రి ముందు పెట్టాడు. పెన్ను ప్లగ్గులో పెట్టి చేతికిచ్చాడు.

కల్పలత ఆ చేతుల వైపే చూసింది. ఇప్పుడైనా బియ్యం అడగాలి. చేతులు వణికినా, కళ్లు కనిపించకపోయినా, ఏళ్ల తరబడి ఆ పని చేసిన మనిషి ముందు అడిగేది బియ్యమే.

సదాశివ అడగలేదు. కొడుకు వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు. నుదుట చెమటలు పోశాయి. పెన్ను తీసుకుపోయి ఖాళీ గిన్నెకు ఆనించాడు. గిన్నె కెవ్వుమంది. పెన్ను సర్రున జారి అడ్డంగా ఒక గీత గీసుకుపోయింది. తమన్నా చెవులు మూసుకుంది. ముసలాయన పెన్ను ఆర్పి ఒళ్లో పెట్టుకుని, తప్పు చేసి దొరికిన పిల్లాడిలా తల వంచుకున్నాడు.



విమలమ్మ ఒడి దులుపుకుని లేచింది. తిన్నగా పర్దా దగ్గరికి పోయి, దాన్ని ఎత్తి గోడకున్న మేకుకు తగిలించింది. లోపలి నుంచి బియ్యం డబ్బా తెచ్చింది. అల్మారాలోంచి ఇంకో కొత్త గిన్నె తనే ఏరుకుంది.

“జెర లెవ్వుర్రి,” అంది పెనిమిటితో. “నేను కొడుత.”

సదాశివ గబగబా లేచాడు. ఆ లేవడంలో బరువు దిగిన సంతోషం ఉంది. విమలమ్మ కుర్చీలో కూర్చుని గిన్నెలో గుప్పెడు, గుప్పెడు బియ్యం పోసి, అరచేత్తో ఒకసారి సర్ది, పెన్ను ఆనించింది. గిన్నె కిక్కురుమనలేదు. పెన్ను తేనెటీగలా సన్నగా ఝుమ్మంటూ నడిచింది. డెబ్బై దాటిన చేయి, కానీ ఒక్క వణుకు లేదు. ‘క’ పడింది. తలకట్టు చివర చిన్న తోకతో పడింది. ఆ తోక తన సొంత సొగసు అని కల్పలత ఇన్నాళ్లూ మురిసిపోయింది. బ్లాగు పేరులో ఆ తోక తప్పకుండా ఉండాలని పొద్దున్నే తమన్నాకు చెప్పింది కూడా!

విమలమ్మ పేరు పూర్తి చేసి, గిన్నె ఇటు తిప్పి చూపించింది. కల్పలత.

“నీ పేరు నీ బ్లాగు మీద ఉంటే తప్పేంది బిడ్డా,” అంది. “ఉండాల్సిందే.”

యుగంధర్ గిన్నెను చూశాడు. తండ్రిని చూశాడు, తల్లిని చూశాడు. పుట్టినప్పటి నుంచి ఈ దుకాణంలోనే పెరిగినవాడు, తల్లి చేతిలో పెన్ను ఉండగా ఎన్నడూ చూడలేదు.

సదాశివకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడతాడనుకుంది కల్పలత. ఆయన మాత్రం ఛాతీ విరిచి, తమన్నా వైపు తిరిగి, పెళ్లికొడుకులా నవ్వాడు.

“చూసినవా బిడ్డా? గదీ హస్తవాసి! నాది వట్టి నోరు, ఆమెది చేయి. సికింద్రాబాద్ మొత్తంల గసొంటి చేయి ఇంకోటి చూపియ్యి, చూద్దాం!”

“ఊకోర్రి ఇగ,” అంది విమలమ్మ. ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నలుగురిలో అనడం ఇదే మొదలు. తర్వాత పెన్ను కోడలి చేతిలో పెట్టింది. “దాని కింద నా పేరు నువ్వు కొట్టు. పేటందరి పేర్లు కొట్టిన గని, నా పేరు ఏ గిన్నె మీద లేదు. నా పేరు నేనే కొట్టుకుంటే ఏం బాగుంటది చెప్పు?”

కల్పలత ఆ ఇంటి వంటగదిని కళ్లముందు తెచ్చుకుంది. గిన్నెలు, గంగాళాలు, డబ్బాలు, గరిటెలు. వాటి మీద సదాశివ పేరుంది, కొడుకుల పేర్లున్నాయి, చదివించిన చుట్టాల పేర్లున్నాయి. విమలమ్మ అని ఒక్క చెంచా మీద కూడా లేదు. తొమ్మిదేళ్లు ఊరందరి గిన్నెల కథలు రాసిన తనకు అది ఎన్నడూ కనిపించలేదు. కళ్లు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. ఇంత గర్వంగా ఆమె ఎప్పుడూ పెన్ను పట్టలేదు.

“తమన్నా, రాసుకో,” అంది. “పైన ఈ గిన్నె వస్తది. రెండు పేర్లూ కనపడాలె. బ్లాగు పేరు అత్తమ్మ కొట్టి ఇస్తది. ‘నా గురించి’ పేజీ కాదు, ‘మా గురించి’ అని పెట్టు.”

“సూపర్ ఆంటీ!” తమన్నా పెన్సిలు అందుకుంది. పెద్ద డబ్బాలో గుండ్రంగా ఒక గిన్నె గీసింది.

కల్పలత ‘వి’ కొట్టింది. ‘మ’ మొదలుపెట్టింది.

“వదినా,” అన్నాడు యుగంధర్. గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది. “జెర ఆగు. గది రికార్డింగ్ కాదు.”

“మరేంది?”

“లైవ్. మన దుకాణం పేజీల లైవ్ పెట్టిన. నాయిన కొడుతుంటే అందరు చూడాలని...”

నలుగురూ మూతల దొంతర వైపు తిరిగారు. ఫోను నిలబెట్టినది నిలబెట్టినట్టే ఉంది. కింద కామెంట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి ఎగబాకుతున్నాయి. కెవ్వుమన్న గిన్నె, తల వంచిన సదాశివ, పర్దా ఎత్తిన విమలమ్మ, అన్నీ పోయాయి. ఎంతమంది ఇళ్లల్లోకి పోయాయో దేవుడికే తెలియాలి. పన్నెండేళ్ల సంగతి బయటపడుతుందని భయపడ్డ మనిషే నలభై ఏళ్ల సంగతి బయటపెట్టుకున్నాడు.

యుగంధర్ ఫోను మీదికి చేయి చాచేలోపే షట్టర్ ధన్ ధన్‌మని మోగింది.

“సదాశివన్నా! షట్టర్ లేపు!”

శారదమ్మ గొంతు. కూతురి పెళ్లి ఇంకా కాలేదు. గిన్నెలు ఇంకా వియ్యాలవారింటికి పోలేదు.

యుగంధర్ పర్దా మేకు మీంచి తీయబోయాడు. కల్పలత పెన్ను ఆపేసింది. గిన్నె మీద సగం పేరుంది. సగం పేరు పరాయి కళ్లు చూడకూడదు.

“పర్దా ముట్టకురా,” అన్నాడు సదాశివ. “నువ్వు ఆపకు బిడ్డా. దిష్టి లేదు, గిష్టి లేదు. అది నేను పుట్టించిన మాట. మాట నాది కాబట్టి జవాబు సుత నేనే చెప్త.”

వణికే రెండు చేతులూ షట్టర్ కింద పెట్టి లేపబోయాడు. అది జానెడు లేచి ఆగింది. కొడుకు పరుగున వచ్చి పక్కన చేయి వేశాడు. ఇద్దరూ కలిసి ఎత్తారు. గరగరమంటూ షట్టర్ పైకి పోయింది.

శారదమ్మ ఒక్కతే కాదు. ఆమె వెనక సందులోని ఆడవాళ్లు సగం మంది ఉన్నారు. ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒక గిన్నె. కొన్ని వంటింట్లోంచి అప్పుడే కడిగి తెచ్చినట్టు నీళ్లోడుతున్నాయి, ఒకామె చేతి గిన్నెలో పెరుగు కూడా ఉంది. ప్రతి గిన్నె మీదా ఒక పేరు, ప్రతి పేరులోనూ అదే చేయి.

సదాశివ రెండు చేతులూ జోడించాడు. శారదమ్మ ఆ చేతుల వైపు చూడలేదు. ఆయన భుజం మీదుగా, మేకుకు తగిలించిన పర్దాను, గిన్నె మీది సగం పేరును, కుర్చీ వెనక నిలబడ్డ విమలమ్మ చేతులను చూసింది. ఇన్నేళ్లుగా ఆయన్ని అన్నా అని తప్ప ఇంకోలా పిలవని మనిషి.

“పెద్దమనిషీ,” అంది, “జెర పక్కకు జరుగు.”